ఊరి బడికి బహుళజాతి కంపెనీ సీఎస్సార్ నిధులు తెచ్చుకోవడం ఎలా

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్ల కోసం ఒక విదేశీ కంపెనీ ఇండియా శాఖను సీఎస్సార్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత, అంటే కంపెనీ తన లాభంలో కొంత సామాజిక పనులకు ఖర్చుపెట్టడం) నిధులు అడిగాం. మూడు నెలలు కూర్చుని నలభై పేజీల ప్రపోజల్ తయారుచేశాం. స్కూలు చూడటానికి కంపెనీ నుంచి ఒకావిడ వచ్చారు. ఆవిడ ఫైలు తెరవలేదు. హెచ్ఎం గారు టీ తెప్పిస్తానంటే వద్దన్నారు. నేరుగా బడి వెనక్కి వెళ్లి పాత మరుగుదొడ్లో కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. "ట్యాంకు రోజూ ఎవరు నింపుతారండీ?" అని అడిగారు. అక్కడున్న పూర్వ విద్యార్థులం పదకొండు మందిమి. ఒక్కరికీ జవాబు తెలియదు.

ఆ ఏడాది మాకు డబ్బు రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. మధ్యలో ఏం నేర్చుకున్నామో, ఏ పని ముందు చేసుంటే ఏడాది ఆదా అయ్యేదో ఇక్కడ రాస్తున్నాను. మీది పూర్వ విద్యార్థుల సంఘం అయినా, చిన్న స్వచ్ఛంద సంస్థ అయినా, మీరు ఆ బడి టీచరే అయినా పనికొస్తుంది. బడినే ఉదాహరణగా తీసుకున్నా పీహెచ్‌సీకి, గ్రంథాలయానికి, చెరువు పూడికతీతకు కూడా దారి ఇదే.

ముందు ఆ డబ్బు సంగతి తెలుసుకోండి

చాలామంది కంపెనీ దగ్గరికి చందా అడగడానికి వెళ్లినట్టు వెళ్తారు. ఆ మొహమాటం అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అసలు యజమాని అమెరికాలో ఉన్నా, కొరియాలో ఉన్నా, ఇక్కడ రిజిస్టరైన కంపెనీకి ఈ చట్టం వర్తిస్తుంది. ఇక్కడ బ్రాంచి ఆఫీసో ప్రాజెక్టు ఆఫీసో పెట్టుకున్న విదేశీ కంపెనీ కూడా దీని కిందికే వస్తుంది.

లెక్క ఎలా ఉంటుందంటే, మూడేళ్లలో లాభం వరుసగా 20, 25, 30 కోట్లు వచ్చిందనుకోండి. సగటు 25 కోట్లు. అందులో 2 శాతం 50 లక్షలు. ఆ ఏడాది ఆ కంపెనీ కనీసం ఖర్చుపెట్టాల్సింది అంత.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. గచ్చిబౌలిలో అద్దాల మేడ చూసి, ప్రపంచంలో ఆ కంపెనీకున్న పేరు చూసి, కోట్లకు కోట్లు ఇచ్చేస్తారనుకుంటారు. 2 శాతం లెక్క వేసేది ఇండియా కంపెనీ లాభం మీద. హైదరాబాద్‌లోని చాలా టెక్ సెంటర్లు వాటి మాతృసంస్థకే సేవలు చేస్తాయి. అయిన ఖర్చు, దాని మీద కొంత మార్జిన్ మాతృసంస్థ నుంచి వస్తుంది. ఆ మార్జినే ఇక్కడి లాభం. అందుకే లక్షల కోట్ల విలువున్న సంస్థకు కూడా ఇక్కడి సీఎస్సార్ బడ్జెట్ మనం ఊహించినంత ఉండకపోవచ్చు. ఇది తెలియక మేం మొదటిసారి రెండు కోట్లు అడిగాం. ఆ కంపెనీ మొత్తం ఏడాది బడ్జెట్ అంతకంటే తక్కువని తర్వాత తెలిసింది.

ఏ పనులకు ఇవ్వొచ్చో అదే చట్టంలోని ఏడో షెడ్యూల్ చెబుతుంది. ఆకలి, పోషకాహారం, ఆరోగ్యం, పారిశుధ్యం, తాగునీరు, చదువు, వృత్తి నైపుణ్యాలు, స్త్రీ పురుష సమానత్వం, పర్యావరణం, కళలు, చేతివృత్తులు, గ్రంథాలయాలు, గ్రామీణ క్రీడలు, గ్రామీణాభివృద్ధి, మురికివాడల అభివృద్ధి, విపత్తు సహాయం, ఇంకా కొన్ని. మీ పని వీటిలో దేని కిందికి వస్తుందో ప్రపోజల్ మొదటి పేజీలోనే రాయండి. రాజకీయ పార్టీలకు ఇచ్చేది, సొంత ఉద్యోగులకే మేలు చేసేది, కంపెనీ ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్, వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పని సీఎస్సార్ కింద లెక్కకు రావు. పాత కంప్యూటర్లు ఇచ్చి వాటికి విలువ కట్టి 2 శాతంలో కలుపుకోవడం కూడా కుదరదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ స్పష్టంగానే చెప్పింది. పాతవి ఇస్తామంటే ఉపయోగపడితే తీసుకోండి. అయితే దాన్ని సీఎస్సార్ ప్రాజెక్టు అనుకుని ఆగిపోకండి, అసలు బడ్జెట్ అలాగే ఉంటుంది.

ఏ కంపెనీని అడగాలి

పేరు విన్న కంపెనీలన్నిటికీ ఒకే మెయిల్ పంపొద్దు. ముందు సీఎస్సార్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్ తెరవండి. ఏ కంపెనీ ఏ ఏడాది ఎంత ఖర్చుపెట్టింది, ఏ రాష్ట్రంలో, ఏ రంగంలో అన్నది అక్కడ దొరుకుతుంది. తర్వాత ఆ కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లండి. సీఎస్సార్ కమిటీ సభ్యులెవరో, సీఎస్సార్ పాలసీ ఏమిటో, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులేమిటో వెబ్‌సైట్‌లో పెట్టాలని నిబంధనే ఉంది. ఒక సాయంత్రం కూర్చుని చదివితే ఆ కంపెనీకి దేని మీద మనసుందో తెలిసిపోతుంది. వరుసగా మూడేళ్లు చెరువుల మీదే ఖర్చుపెట్టిన కంపెనీని డిజిటల్ క్లాస్‌రూమ్ అడిగితే మీ టైమూ వృథా, వాళ్ల టైమూ వృథా.

వెతికేటప్పుడు కంపెనీ రిజిస్టర్డ్ పేరు సరిగ్గా చూసుకోండి. ఒకే బ్రాండు కింద ఇండియాలో రెండు మూడు కంపెనీలు ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్‌నే తీసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నది మైక్రోసాఫ్ట్ ఇండియా ఆర్ అండ్ డీ ప్రైవేట్ లిమిటెడ్. మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్ వేరే కంపెనీ. దేని లాభం దానిది, దేని సీఎస్సార్ లెక్క దానిది. తప్పు కంపెనీని అడిగితే మీ మెయిల్‌కు జవాబే రాకపోవచ్చు.

చట్టంలో ఇంకో మాట మనకు చాలా ముఖ్యం. కంపెనీ తాను పనిచేసే చోటుకు, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్‌లోనే ఉంది. అంటే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు, శ్రీసిటీ పక్కన సత్యవేడు, తడ వైపువాళ్లు, పటాన్‌చెరు, జడ్చర్ల పరిశ్రమల దగ్గరి వాళ్లు ఈ మాట పట్టుకుని అడగొచ్చు. అయితే ఇది సూచనే తప్ప తప్పనిసరి కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కాబట్టి దబాయించడానికి పనికిరాదు. ప్రపోజల్‌లో "మీ ప్లాంటు గేటు నుంచి మా బడి ఏడు కిలోమీటర్లు" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం బాగా పనిచేస్తుంది.

మీ కాగితాలు సరిగా ఉన్నాయా

కంపెనీ పని తానే చేయించొచ్చు, లేదా ఒక సంస్థ ద్వారా చేయించొచ్చు. సంస్థ అంటే రిజిస్టరైన సొసైటీ, పబ్లిక్ ట్రస్ట్, లేదా సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ). దానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి అందరూ 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) అని పిలిచే రిజిస్ట్రేషన్లు ఉండాలి. కంపెనీ తాను పెట్టిన సంస్థ కాకపోతే, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంకోటి తప్పనిసరి అయింది. సీఎస్సార్-1 అనే ఫారం కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో నింపి రిజిస్ట్రేషన్ నంబర్ తెచ్చుకోవాలి. ఆ ఫారానికి మీ ట్రస్టీ లేదా కార్యదర్శి డిజిటల్ సంతకం, దాంతోపాటు ప్రాక్టీసులో ఉన్న సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), లేదా కాస్ట్ అకౌంటెంట్ ధ్రువీకరణ కావాలి.

ఇవి కాక కంపెనీలు మామూలుగా అడిగేవి: సంస్థ పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఐటీ రిటర్నులు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ ఐడీ, కమిటీ సభ్యుల వివరాలు. అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. 12ఏ, 80జీలకు గడువు ఉంటుంది, ఆ తేదీ గోడ మీద క్యాలెండర్లో రాసుకోండి. గడువు దాటిన సర్టిఫికెట్ పంపి రెండు నెలలు పోగొట్టుకున్న సంఘాన్ని నేను దగ్గర్నుంచి చూశాను.

మీకు సంస్థ లేకపోతే ఇప్పటికిప్పుడు సొసైటీ పెట్టకండి. మూడేళ్ల అనుభవం ఎక్కడి నుంచి తెస్తారు? మీ జిల్లాలో సీఎస్సార్-1 నంబర్ ఉన్న మంచి సంస్థ ఏదో కనుక్కుని, వాళ్ల ద్వారా వెళ్లండి. మీరు ఊరి తరఫున నిలబడండి, కాగితాల బరువు వాళ్లు మోస్తారు. మేం కూడా చివరికి ఇదే చేశాం. పేరు మాది పడలేదని ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు కానీ పని జరిగింది.

అవసరాన్ని లెక్కపెట్టండి

మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ టైము పెట్టాల్సింది ఇక్కడ. మేం మొదటిసారి ఈ మెట్టే ఎగ్గొట్టాం. "మా పాఠశాలలో సరైన మౌలిక వసతులు లేక విద్యార్థినులు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అని రాశాం. ఆ వాక్యం ఏ బడి గురించైనా రాయొచ్చు.

రెండోసారి మా బృందంలో ఇద్దరు, ఒక టీచరమ్మ, ఊళ్లోని మహిళా సంఘం నుంచి ఒకామె కలిసి వారం రోజులు బళ్లో కూర్చున్నారు. ఆడపిల్లలు 212 మంది. మరుగుదొడ్లు మూడు. ఒకదానికి తాళం, అది స్టాఫ్‌ది. ఒకదానికి లోపల గడియ లేదు, పిల్లలు ఇద్దరిద్దరు వెళ్తారు, ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. మూడోదానికి అన్నీ ఉన్నాయి కానీ నీళ్లు బయట తొట్టి నుంచి బకెట్‌తో మోసుకెళ్లాలి. ఇంటర్వెల్ పది నిమిషాలు. ఒకరోజు గడియారం పట్టుకుని చూస్తే, పది నిమిషాల్లో 19 మంది వెళ్లగలిగారు. మిగతావాళ్లు వరసలో నిలబడి బెల్లు కొట్టగానే వెనక్కి వెళ్లిపోయారు.

ఆ టీచరమ్మే ఇంకో సంగతి గమనించింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటి దగ్గర్నుంచి నీళ్ల సీసాలు తెచ్చుకుంటారు కానీ మధ్యాహ్నం దాకా మూత తీయరు. ఎందుకమ్మా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాగితే వెళ్లాల్సి వస్తుందని తర్వాత ఒక పిల్ల మహిళా సంఘం ఆమెకు మెల్లగా చెప్పిందట. ఎండాకాలం ఒంటిపూట బడి రోజుల్లో కూడా ఇంతే. అది విన్న రోజు రాత్రి మా గ్రూపులో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మేం చదువుకున్న బడే అది. మా తరగతి అమ్మాయిలు కూడా అలాగే కూర్చున్నారేమో, మాకు తెలియలేదు.

మీరు కూడా ఇలాగే లెక్కపెట్టండి. ఎంతమంది, ఎన్ని ఉన్నాయి, అందులో పనిచేసేవి ఎన్ని, ఏ టైములో ఏం జరుగుతోంది. స్వచ్ఛ విద్యాలయ ప్రమాణం ప్రకారం దాదాపు 40 మంది పిల్లలకు ఒక యూనిట్ చొప్పున మరుగుదొడ్డి ఉండాలి. మా 212 మందికి ఆరు కావాలి, సవ్యంగా చేసుకుంటే పాతవి రెండు పనికొస్తాయి, కొత్తగా నాలుగు కట్టాలి. ప్రపోజల్ మొత్తానికి ప్రాణం ఈ నాలుగు అంకెలే అయింది. బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) కూడా రాయండి, కంపెనీవాళ్లు బడి వివరాలు దాంతోనే సరిచూసుకుంటారు.

లెక్కలతోపాటు రెండు ఉత్తరాలు సంపాదించండి. ఒకటి హెచ్ఎం గారి నుంచి, స్కూల్ యాజమాన్య కమిటీ తీర్మానంతో. తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ. ఇంకోటి డీఈఓ ఆఫీసు నుంచి, ఈ పని చేసుకోవడానికి అభ్యంతరం లేదని, ఇదే పని ప్రభుత్వ పథకం కింద ఇప్పటికే మంజూరు కాలేదని. ఈ రెండో ఉత్తరం లేక చివరి నిమిషంలో ఆగిపోయే ప్రాజెక్టులు చాలానే ఉంటాయి. దీనికి టైము పడుతుంది, అందుకే మొదటి రోజే అర్జీ పెట్టండి.

ప్రపోజల్ రాయడం

ముందు రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ చాలు. వాళ్లకు నచ్చితే వివరంగా అడుగుతారు. ఈ రెండు పేజీల్లో సమస్య ఏమిటి, మీ లెక్కలేమిటి, ఏం చేస్తారు, ఎన్ని నెలల్లో, ఎంతవుతుంది, పని అయ్యాక ఎవరు చూసుకుంటారు అన్నవి ఉండాలి. మీ సంఘం చరిత్ర, ముఖ్య అతిథులతో దిగిన ఫొటోలు ఇప్పుడు వద్దు.

బడ్జెట్ రాసేటప్పుడు మూడు కొటేషన్లు తీసుకోండి. అందులో జీఎస్టీ కలిపారో లేదో అడగండి, మా మేస్త్రీ చెప్పిన రేటుకు, బిల్లుకు మధ్య తేడా అక్కడే వచ్చింది. మీ సిబ్బంది జీతం, ప్రయాణ ఖర్చులు దాచకండి. "పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని చట్టం కదా" అని కొందరు సంస్థలను భయపెడతారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్సార్ విభాగాన్ని నడుపుకోవడానికి చేసే ఖర్చు మీద. ఒక ప్రాజెక్టు నడపడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఇది మర్యాదగా గుర్తుచేయండి. పని చేసేవాళ్లకు జీతం పెట్టకుండా పని బాగా జరగాలంటే ఎలా?

ఇక అతి ముఖ్యమైన భాగం, నిర్వహణ. దీనికి ఒక చేదు ఉదాహరణ ఉంది. 2014 స్వాతంత్ర్య దినోత్సవం తర్వాత దేశంలో బళ్లలో మరుగుదొడ్ల కోసం పెద్ద ఉద్యమమే నడిచింది, ప్రభుత్వ రంగ సంస్థలు సీఎస్సార్ డబ్బుతో లక్షకు పైగా కట్టించాయి. ఆ తర్వాత కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) ఆడిటర్లు కొన్ని బళ్లకు వెళ్లి స్వయంగా చూస్తే, 72 శాతం మరుగుదొడ్ల లోపల నీటి వసతి లేదు. అవి బహుళజాతి కంపెనీలవి కావు, ప్రభుత్వ సంస్థలవే. కానీ పాఠం అందరిదీ. గోడ కట్టడానికి డబ్బు దొరుకుతుంది, కుళాయిలో నీళ్లకు దొరకదు. మా బడికి వచ్చినావిడ కుళాయి తిప్పింది ఊరికే కాదు.

కాబట్టి నెలకు అయ్యే ఖర్చు వేసుకోండి. మా లెక్క ఇదీ: ఆయమ్మకు అదనపు పనికి 4,000, ఫినాయిల్, సబ్బు, చీపుళ్లకు 900, మోటారు, కుళాయిల రిపేర్లకు పక్కన పెట్టేది 600. నెలకు 5,500. మూడేళ్లకు 1,98,000. ఈ మొత్తాన్ని ప్రాజెక్టులోనే కలిపి అడగండి. సీఎస్సార్ నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టు అనే వెసులుబాటు ఉంది, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల వరకు నడపొచ్చు. "కట్టడం ఆరు నెలలు, నిర్వహణ మూడేళ్లు, ఆ తర్వాత పంచాయతీ, పూర్వ విద్యార్థుల సంఘం కలిసి భరిస్తాయి" అని తీర్మానంతో సహా పెట్టాం. రెండో ప్రపోజల్‌కు కంపెనీ కమిటీ వెంటనే ఒప్పుకోవడానికి ఇదే కారణమని ఆవిడే తర్వాత చెప్పారు.

సీఎస్సార్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండటానికి వీల్లేదు. ప్రభుత్వ బడికి కట్టింది ప్రభుత్వ ఆస్తే అవుతుంది. ఈ సంగతి ఒప్పందంలో రాయించండి, రేపు ఊళ్లో ఎవరూ ప్రశ్నించకుండా ఉంటుంది.

ఎప్పుడు, ఎవరిని కలవాలి

కంపెనీల సీఎస్సార్ ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. ఖర్చుపెట్టాల్సింది 50 లక్షలు దాటితే సీఎస్సార్ కమిటీ ఉండాలి, ఆ కమిటీ వార్షిక ప్రణాళిక వేస్తుంది, బోర్డు ఆమోదిస్తుంది. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో పరిచయం చేసుకుని, ఏప్రిల్ నాటికి కాన్సెప్ట్ నోట్ చేతిలో పెట్టడం మంచిది. ఏడాది చివర్లో మిగిలిన డబ్బు త్వరగా ఖర్చుపెట్టాలని కొన్ని కంపెనీలు తొందరపడతాయి. కొనసాగే ప్రాజెక్టుకు చెందని డబ్బు మిగిలిపోతే, ఏడాది ముగిశాక ఆరు నెలల్లో దాన్ని ప్రభుత్వం చెప్పిన నిధికి జమచేయాల్సిందే. అలాంటి టైములో "మార్చి 31 లోపు కట్టేయగలరా" అని అడిగితే సరే అనొద్దు. కురవని వర్షానికి ముందే నారు పోసినట్టు అవుతుంది, నాణ్యత పోతుంది, పేరు మీది పోతుంది. కొనసాగే ప్రాజెక్టుగా పెట్టించమని అడగండి. అప్పుడు మిగిలింది ప్రత్యేక ఖాతాలోకి వెళ్తుంది, మూడేళ్ల దాకా వాడుకోవచ్చు.

ఎవరిని కలవాలన్న దానికి నా అనుభవంలో అన్నిటికంటే మంచి దారి ఆ కంపెనీలో పనిచేసే మన ఊరి పిల్లలు. బహుళజాతి కంపెనీల్లో ఉద్యోగులు సేవా కార్యక్రమాలకు వెళ్లే అలవాటు బాగా ఉంటుంది. మీ ఊరబ్బాయి ఒకడు తన టీమ్‌తో ఒక శనివారం బడికి వచ్చి పిల్లలతో గడిపితే, సీఎస్సార్ మేనేజర్‌కు మీ బడి పేరు తెలుస్తుంది. సిఫార్సు చేయమని ఒత్తిడి పెట్టకండి, చిన్న ఉద్యోగి మీద భారం పడుతుంది. పరిచయం చేస్తే చాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల డబ్బు వేరు

ఇది సీఎస్సార్‌కు పక్క సంగతే అయినా తెలియక ఇబ్బందుల్లో పడేవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను. అమెరికాలో చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి అంతే మొత్తం కలిపి ఇస్తాయి. మైక్రోసాఫ్ట్‌కు అలాంటి పథకం ఉంది, బెనెవిటీ లాంటి వేదికల ద్వారా ఈ పని నడుస్తుంది. మీ ఊరి అమ్మాయి సియాటిల్ నుంచి అలా పంపిస్తానంటే సంతోషమే. కానీ మాతృసంస్థ నుంచో, విదేశీ ఫౌండేషన్ నుంచో వచ్చే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మామూలు ఖాతాలో వేయించుకుంటే చట్టం ఉల్లంఘించినట్టే. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిపోయి ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే. ఇక కంపెనీ విషయానికొస్తే, షేర్లన్నీ విదేశీ సంస్థవే అయినా, ఆ పెట్టుబడి ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి) పరిమితులకు లోబడి ఉన్నంతవరకు ఇక్కడి కంపెనీ ఇచ్చే సీఎస్సార్ డబ్బు విదేశీ విరాళం కాదని 2016 సవరణతో తేలింది. ఒప్పందానికి ముందు ఈ విషయం కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

దళారుల దగ్గర జాగ్రత్త

"కోటి రూపాయల సీఎస్సార్ ఇప్పిస్తాం, నలభై శాతం వెనక్కి క్యాష్‌గా ఇవ్వండి" అని ఫోన్లు వస్తాయి. ప్రాసెసింగ్ ఫీజు ముందు కట్టమని వస్తాయి. మాకూ వచ్చాయి. ఫోన్ పెట్టేయండి. నిజమైన కంపెనీ ఏదీ మీ సంస్థ దగ్గర డబ్బు అడగదు. వెనక్కి ఇచ్చే డబ్బుకు మీరు దొంగ బిల్లులు పెట్టాల్సి వస్తుంది, రేపు సంతకం చేసిన మీ కార్యదర్శి ఇరుక్కుంటాడు.

డబ్బు వచ్చాక

ఎంఓయూ (ఒప్పంద పత్రం) మీద సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి, ఇంగ్లీషు కష్టంగా ఉంటే సీఏ గారితో చదివించుకోండి. విడతలు ఎలా ఇస్తారో, రెండో విడత దేని మీద ఆధారపడుతుందో చూడండి. రెండో విడత ఆలస్యమైతే మేస్త్రీకి ఎలా ఇస్తారు? మాకు ఈ టెన్షన్ వచ్చింది. సిమెంటు వచ్చి పడి ఉంది, కూలీలు వెళ్లిపోయారు, ఇరవై రోజులు పని ఆగింది. పని దశలకు, విడతలకు లింకు సరిగా ఉందో లేదో ముందే చూసుకునుంటే ఇది రాదు.

ఆ డబ్బుకు వేరే ఖాతా, లేదా కనీసం వేరే లెడ్జర్ పెట్టండి. ప్రతి బిల్లు మీద ప్రాజెక్టు పేరు రాయించండి. పని మొదలుకు ముందు, మధ్యలో, అయ్యాక ఒకే చోట నిలబడి తీసిన జీపీఎస్ ఫొటోలు దాచండి. చివర్లో సీఏ సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) ఇవ్వాలి. డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని కంపెనీ సీఎఫ్ఓ (ఆర్థిక విభాగం అధిపతి) బోర్డుకు ధ్రువీకరించాల్సి ఉంటుంది, కాబట్టి మీ బిల్లులు అడిగితే అవమానంగా తీసుకోకండి. అంతకుముందు మూడేళ్లలో సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్సార్ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చున్న ప్రాజెక్టులకు బయటివాళ్లతో ప్రభావ అంచనా కూడా చేయిస్తాయి. మన చిన్న పనులకు అది అక్కర్లేకపోయినా, మొదట్లో తీసిన లెక్కలు దాచి ఉంచితే ఎవరు అడిగినా చూపించొచ్చు.

ప్రారంభోత్సవం అయిన మర్నాటి నుంచి ఒక రిజిస్టరు పెట్టండి. మాది మామూలు లాంగ్ నోట్‌బుక్, గోడకు మేకు కొట్టి దారంతో పెన్ను కట్టాం. తేదీ, ట్యాంకు నింపిన టైము, కడిగిన టైము, చెడిపోయినవి, నాలుగే గళ్లు. ఆయమ్మకు రాయడం రాదు కాబట్టి పీఈటీ సార్ రాస్తారు, ఆమె వేలిముద్ర వేస్తుంది. మోటారు కాలిపోయి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే అదీ అలాగే రాయండి, కప్పిపుచ్చకండి. మొదటి ఏడాది రిపోర్టుతోపాటు ఆ పేజీ ఫొటో కూడా పంపాం. ఆ నాలుగు రోజులు చూసి కంపెనీవాళ్లు స్పేర్ మోటారుకు డబ్బు ఇచ్చారు.